మరిది అప్పజెప్పిన సముద్రం

దేవుడి దగ్గర దీపం పెట్టి ముందు గదిలోకి వచ్చేసరికి అద్దాల తొట్టిలో తోలు పగడం ఇంకా ముడుచుకునే ఉంది. ట్యూబులైటు వేసి అప్పటికి చాలాసేపైంది. ఈ పాటికి దాని నెత్తి మీద సన్నటి వెంట్రుకలు లేచి, ఒక్కొక్క వెంట్రుక కొనకు ఒక చిన్న చుక్క తెరుచుకుని, నీళ్లు కదిలినప్పుడల్లా అన్నీ ఒక్క దిక్కుకు ఊగాలి. ఇవాళ అది కాల్చిన వంకాయలా నున్నగా, ముడతలు పడి ఉంది.

దేవకి అద్దానికి ముఖం ఆనించి చూసింది. ఆ పక్క రాతి మీది గుండీలు కూడా అంచులు లోపలికి తిప్పుకున్నాయి. వాటికి గుండీలని పేరు పెట్టింది ఇంట్లోవాళ్లే. చొక్కా గుండీల్లా గుండ్రంగా, ఆకుపచ్చగా ఉంటాయి. అవీ పగడాలేనని, ప్రాణమున్నవేనని మరిది చెబితే తప్ప ఎవరికీ తెలియదు.

"అత్తమ్మా, గిది నిన్న పొద్దుమీకి విచ్చుకోనె ఉండె కదా?"

గడప దగ్గర బియ్యం చెరుగుతున్న రుక్మాబాయి తలెత్తలేదు. "నాకేం తెలుసే! నేను దానికి బువ్వ వెట్టిన్నా, జోల పాడిన్నా?"

కరీంనగర్ మంకమ్మతోటలో సముద్రం ఉన్న ఇల్లు అదొక్కటే. దేవకి మరిది ప్రేమ్‌సాగర్‌రావు గ్రానైటు క్వారీలో సూపర్‌వైజరు. బండల లోడుతో కాకినాడ రేవుకు పోతూ వస్తూ అతను సముద్రం మోజులో పడ్డాడు. బండలు దింపి ఖాళీగా తిరిగొచ్చే లారీలో డబ్బాలకొద్దీ సముద్రపు నీళ్లు తెప్పించి, అద్దాల తొట్టి కట్టించి, ముందు గదిలో పెట్టాడు. మద్రాసులో చేపలమ్మే ఒకాయన దగ్గర సముద్రపు రాళ్లు, రెండు రకాల మెత్తటి పగడాలు, ఒక చారల చేప, ఒక ఎర్ర రొయ్య, రెండు నత్తలు తెచ్చాడు. పెద్ద మిషన్లేమీ లేవు. గాలి కొట్టే చిన్న మోటరు, రెండు ట్యూబులైట్లు, అంతే.

"రాళ్లల్లనే ప్రాణముంటది వదినె. నీళ్లను రాళ్లే కడుగుతయి. మనం మాటిమాటికి చెయ్యి పెట్టకుంటే సాలు, దానంతటది బతుకుతది" అని మురిసిపోయేవాడు.

వేసవి మొదట్లో క్వారీలో రాయి పగలగొడుతుంటే ఒక పెచ్చు ఎగిరి అతని కుడి కంటికి తగిలింది. లోపలి పొర ఊడిందన్నారు. ఎడమ కన్ను చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడే మసకబారింది. ఉన్న ఒక్క చూపూ ఆ కుడి కంటిదే. హైదరాబాదుకు బయలుదేరే ముందు, కంటి మీద గుడ్డ అదిమి పట్టుకుని, అతను వదినెను తొట్టి దగ్గరకు పిలిచాడు.

"నీళ్లు ఆవిరైతయి గని ఉప్పు కాదు వదినె. గందుకే ఉప్పు నీళ్లు పొయ్యద్దు. గీ గీత దాకా మంచినీళ్లు పొయ్యి. నల్లా నీళ్లు మందు వాసనొస్తయి, ఒక రాత్రంత పట్టి పెట్టి పొద్దున పొయ్యి. చేపకు రెండు పలుకులు మేత. గంతే."

"గంతేనా?"

"గంతే. పట్టి ఇప్పినంక మొదలు నేను దీన్నే సూడాలె."

పెళ్లాం నిర్మలాదేవి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కాడు.

రాత్రంతా పట్టి పెట్టిన నీళ్లంటే ఆ ఇంట్లో ఒకటే. దేవుడి గది పక్కన పీట మీద ఉండే రాగి బిందెలోవి. సాయంత్రం తోమి, వడకట్టి నింపి, పైన గుడ్డ కడతారు. పొద్దున అందులోంచి మొదటి చెంబు శివుడికి, తరువాత ఇంటిల్లిపాది తాగడానికి. ప్రేమ్‌సాగర్ మాత్రం తొట్టి కోసం మేడ మీద నీలం ప్లాస్టిక్ బకెట్టులో పట్టుకునేవాడు. ఆ బకెట్టులోనే ఆదివారాలు విడిచిన బట్టలు నానేవి. ప్రాణమున్నదానికి మైల బకెట్టు నీళ్లు పోయడానికి దేవకికి మనసొప్పలేదు. శివుడికి పోసిన చెంబుతోనే తొట్టికీ పోసింది. ఎండలకు నీళ్లు తొందరగా తగ్గేవి. రోజూ పోయవలసి వచ్చేది.

ముడుచుకున్న పగడాన్ని చూసి ఆమె మొదట కరెంటును అనుమానించింది. ఎండాకాలం కోతలు. కరెంటు పోతే మోటరు ఆగుతుంది, నీళ్లలోకి గాలి పోదు. అందుకని కోత మొదలవగానే తొట్టి దగ్గర నిలబడి, ప్లాస్టిక్ గ్లాసుతో నీళ్లు ముంచి పైనుంచి ధారగా పోసేది. చెయ్యి నొప్పి పుడితే ఎడమ చేతికి మార్చుకునేది. అది చూసి రుక్మాబాయి విసనకర్ర తెచ్చి తొట్టి మీద విసరడం మొదలుపెట్టింది.

"గాలి నీళ్ల లోపటికి పోవాలె అత్తమ్మా, పైన కాదు."

"నా కొడుకు తొట్టికి నేను ఇసురుతుంటే నీకేంది నొప్పి? లోపటికో పైకో, దానికి తెల్వదా ఎట్ల పీల్చుకోవాల్నో!"

ఆ సాయంత్రం దేవకి ఎస్టీడీ బూతుకు పోయి హైదరాబాదు కలిపింది. ఆపరేషను అయిపోయింది. రెండు కళ్లకూ పట్టీ కట్టి కదలకుండా పడుకోబెట్టారు. గదిలోనే ఫోను ఉంది. నిర్మల ఎత్తింది.

"అక్కా, ఈయన నీతోని మాట్లాడ్తనంటుండు. జర పైలం. నవ్వద్దన్నరు, దగ్గద్దన్నరు, కండ్లల్ల నీళ్లసలే పెట్టద్దన్నరు. లోపట అతికిందానికి దెబ్బట."

ఫోను చేతులు మారింది.

"వదినె, విచ్చుకున్నదా?"

బూతు అద్దంలో దేవకికి తన ముఖమే కనబడింది.

"ఆఁ, విచ్చుకున్నది."

"ఎంత పెద్దగ?"

"అరచెయ్యంత."

"గంతేనా? మంచిగుంటే రొట్టెంత అయితది వదినె!"

"ఎండలు గదా తమ్మీ. రేపటికి రొట్టెంత అయితది."

బయటికి వస్తుంటే బూతు నడిపే వెంకటి అడిగాడు. "ఏం పువ్వులమ్మా అవి? దవాఖానల మనిషికి పానమెట్లున్నదో అడగకుంట పువ్వు ముచ్చటే చెప్తున్నవ్?"

"ఉన్నయిలే వెంకటీ" అని ఆమె గబగబా నడిచింది.

అబద్ధమాడడం ఆమెకు అలవాటు లేదు. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, రోగిని ఊరడించడానికి ఆడినది అబద్ధం కాదని తనకు తాను చెప్పుకుంది. మరునాడు రొయ్య చచ్చిపోయింది. రాయి సందున వెల్లకిల పడి, మీసాలు మాత్రం నీళ్లకు ఊగుతూ కనబడింది. ఆ సాయంత్రం కూడా ఫోనులో "విచ్చుకున్నది" అనే చెప్పింది. ఆ పైన నత్తలు అద్దం మీది నుంచి జారి ఇసుకలో పడ్డాయి. చారల చేప ఒక్కటే, ఏమీ పట్టనట్టు, మేత కోసం పైకి కిందికి తిరుగుతోంది.

"చేపనే తింటుండొచ్చు వాటిని" అంది రుక్మాబాయి. "దాని మొకం చూడు, దొంగ మొకం."

"బొటనవేలంత లేదు, అదేం తింటది అత్తమ్మా!"

"గట్లైతే లక్సెట్టిపేటకు మనిషిని పంపి గోదారి నీళ్లు తెప్పియ్యి. గోదారి పొయ్యి పొయ్యి సముద్రంలనే కలుస్తది గదా. దీనికీ దానికీ సుట్టరికమే."

దేవకికి నవ్వు రాలేదు. పూజ సాంబ్రాణి పొగ తగిలిందేమోనని రెండు గదుల మధ్య తలుపు మూసింది. తాను స్నానం చేయకముందు ఎప్పుడైనా చేయి పెట్టానేమోనని వెనక్కి వెనక్కి పోయి ఆలోచించింది. బయట చేరిన రోజుల్లో భర్త మధుసూదన్‌రావు చేతనే నీళ్లు పోయించింది కదా. అతను సరిగా పోశాడో లేదో. మరిది కన్ను బాగుపడితే వేములవాడ రాజన్న గుడిలో కోడెను కడతానని దెబ్బ తగిలిన రోజే మొక్కుకుంది. పగడం కోసం వేరే మొక్కాలా? నీళ్లలోని గుండీల కోసం దేవుణ్ణి అడగవచ్చునా? అడిగితే ఆయనకు కోపం వస్తుందా, నవ్వు వస్తుందా? తేల్చుకోలేక, రోజూ కన్ను కోసం దండం పెట్టి, లేవబోతూ ఒక్క క్షణం ఆగి, ఏమీ అనకుండా లేచేది.

ఒక్కటి మాత్రం చేసింది. నీళ్లలో ఏదో దోషం ఉందని తోచి, ఇంకా శుద్ధమైన నీళ్లు పోయాలనుకుంది. బిందెను చింతపండు పెట్టి అద్దంలా మెరిసేదాకా రోజూ తోమింది. తొట్టిలోంచి ఒక చెంబు తీసి, బిందెలోంచి రెండు చెంబులు పోసింది. పగడం మరింత కుంచించుకుపోయి, ఒక పక్కకు వాలింది. గుండీల్లో కొన్ని రాతి నుంచి ఊడి, పలచటి పొరల్లా నీళ్లలో తేలాయి.

"నా కొడుకు కండ్లకేమైతదోనని నాకు రంది" అంది రుక్మాబాయి ఆ పూట, అన్నం ముందు కూర్చుని. "నీకేమొ గా తొట్టిల పుట్టగొడుగు రంది."

దేవకి చేతిలోని గరిటె ఆగింది. "రెండూ ఒక్కటే అత్తమ్మా."

"ఒక్కటెట్లయితదే?"

"పట్టి ఇప్పినంక మొదలు దాన్నే సూస్తనన్నడు. నాకు అప్పజెప్పి పోయిండు. ఇప్పుడు ఏం సూపెట్టాలె నేను?"

రుక్మాబాయి అన్నం కలిపింది కాని ముద్ద ఎత్తలేదు.

ఆ సాయంత్రం నిర్మల ఫోనులో గొంతు పెంచి, సంతోషంగా మాట్లాడింది. డాక్టరు చూసి బాగానే ఉందన్నాడట. వారంలోపు పట్టీ విప్పుతారట. "పక్క మంచాలోళ్లకు, నర్సులకు అందరికి మన తొట్టి ముచ్చటే అక్కా. మా వదినె సముద్రాన్ని సాకుతుందని చెప్తుండు."

దేవకి ఇంటికి వచ్చి భర్త ముందు కూర్చుంది. "నేను చెప్తా. నిజం చెప్పి, ఏం చెయ్యాల్నో అడుగుతా."

మధుసూదన్‌రావు చదువుతున్న పేపరు దించాడు. "మతి ఉండే మాట్లాడుతున్నవా? కండ్లల్ల నీళ్లు పెట్టద్దన్నరు. వాడు ఏడ్సి, లోపట అతికింది ఊడితే ఎవ్వరు జవాబు? పోనియ్యి. వచ్చినంక మల్ల మద్రాసు నుంచి కొత్తయి తెచ్చుకుంటడు."

"ఇంకా పానమున్నది దాంట్ల."

"నీకెట్ల తెలుసు?"

"పొద్దున వేలు దగ్గర పెడితే జర కదిలింది."

"నీళ్లు కదిలినయి కావచ్చు."

"కావచ్చు" అంది దేవకి. "గని దానికి ఏమైందో చెప్పేటోడు ఆయనొక్కడే. ఆయనకే చెప్పకుంట నేను దినాం విచ్చుకున్నది విచ్చుకున్నది అనుకుంట సంపుతున్న."

అతను లేచి చెప్పులు వేసుకున్నాడు. "నడు. నేను సుత వస్త."

బూతులో ఆమె నంబరు తిప్పింది. మధ్యలో తప్పి, మళ్లీ మొదటి నుంచి తిప్పింది. మధుసూదన్‌రావు బయట నిలబడి, అటు తిరిగి, రోడ్డు మీద పోయే రిక్షాలను చూస్తున్నాడు.

"నిర్మలా, ఆయనకియ్యి. నువ్వు పక్కనే ఉండు, చెయ్యి పట్టుకో."

"ఏమైందక్కా?" నిర్మల గొంతు మారింది. "అత్తమ్మకేమన్న..."

"అందరం మంచిగున్నం. ఇయ్యి."

"వదినె!" అన్నాడు ప్రేమ్‌సాగర్. "ఇయ్యాల రెండుమాట్ల చేసినవేంది? విచ్చుకున్నదా?"

"లేదు తమ్మీ. విచ్చుకోలే. నువ్వు ఏడ్వద్దు. నేను దినాం అబద్ధం చెప్పిన. అది చాన దినాల సంది విచ్చుకుంటలేదు."

గోడ మీది మీటరు టకటకమంటోంది. ఆమె కళ్లు మూసుకుని పంచాక్షరి అనుకుంది, రెండోసారి సగంలో ఉండగా అతని గొంతు వినబడింది. నెమ్మదిగా, పడుకున్న మనిషి గొంతు.

"రొయ్య ఉన్నదా?"

"సచ్చింది."

"నత్తలు?"

"కింద పడ్డయి. కదులుతలేవు."

"చేప?"

"చేప మంచిగనే ఉన్నది. ఎప్పటి లెక్కనే తింటున్నది."

"చేప మంచిగుండి, రొయ్య, నత్తలు పోయినయా?" అతను ఆగాడు. "వదినె, నీళ్లు దేంట్ల పట్టి పెడుతున్నవ్?"

"మన బిందెల. దేవుని కాడ రాగి బిందెల. నీ బకెట్ల బట్టలు నానేస్తరు గదా, సబ్బుంటదని..."

అవతలి నుంచి వచ్చిన చప్పుడు ఏడుపో మరేమిటో ఆమెకు అర్థం కాలేదు. అంతలో నిర్మల కేక వినబడింది. "నవ్వద్దన్నరు! నవ్వద్దన్నరు గదా!"

"నవ్వుతలేనే" అన్నాడతను, ఊపిరి బిగబట్టి. "వదినె, రాగి వాటికి ఇసం. మద్రాసాయన నాకు మొదటి దినమే చెప్పిండు, రాగి పైస సుత పడనియ్యకన్నడు. నేను నీకు చెప్పనే లేదు. చేప ఓర్సుకుంటది. రొయ్య, నత్త, పగడం ఓర్సుకోవు."

"నేను దినాం తోమిన తమ్మీ. చింతపండు పెట్టి తోమిన."

"దేవునికి పోసేదే దానికి పోసినవ్" అన్నాడు. అతని గొంతులో నవ్వు పోయింది. "ఇప్పుడు నేను చెప్పేది ఇను. ఏడ్వకు. నువ్వేడిస్తే నాకు ఏడుపొస్తది, నన్ను ఏడ్వద్దన్నరు."

మెట్ల కింద గోనెసంచి చాటున సముద్రపు నీళ్ల డబ్బాలు రెండు మిగిలి ఉన్నాయి. బజారుకు పోయి కొత్త ప్లాస్టిక్ టబ్బు తెమ్మన్నాడు. పాత నీళ్లు ఒక్క చుక్క కలవకుండా, పగడమున్న రాళ్లను అందులో పెట్టి, గాలి గొట్టం వేయమన్నాడు. తొట్టిలోని నీళ్లను, ఇసుకను నమ్మవద్దన్నాడు. కాకినాడ పోయే లారీ డ్రైవరు లక్ష్మీరాజానికి కబురు పెడితే మరిన్ని నీళ్లు తెస్తాడన్నాడు.

"బతుకుతయా?"

"తెల్వదు వదినె" అన్నాడు ప్రేమ్‌సాగర్. "రాగి రాళ్లల్లకు సుత ఇంకుతదట. తెల్వదు."

ఆ మాట పట్టుకుని ఆమె ఇంటికి నడిచింది. విషయం విని మధుసూదన్‌రావు బూతు దగ్గర్నుంచే బజారుకు పోయి పచ్చ టబ్బు తెచ్చాడు. ఇద్దరూ కలిసి డబ్బాలు మోసి, నీళ్లు వంపి, రాళ్లను ఒక్కొక్కటే, పసిపిల్లను నీళ్ల లోంచి ఎత్తినట్టు ఎత్తి అందులోకి మార్చారు. పగడం చేతికి జిగటగా, చల్లగా తగిలింది. ఊడిపోయిన గుండీలను వేరే గిన్నెలోకి తీసింది. చేపను పట్టడం అన్నిటికంటే కష్టమైంది. రుక్మాబాయి టబ్బు పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"గిప్పుడు ప్లాస్టిక్కు మడి, రాగి మైల అయిందా? కలికాలమంటే గిదే."

"అత్తమ్మా, పులుసు రాగి గిన్నెల పెడతమా మనం? కళాయి లేకుంట?"

"చిలుముతది. ఎవ్వరన్న పెడతరానే?"

"ఉప్పు?"

"ఉప్పు సుత తింటది రాగిని." రుక్మాబాయి కోడలి ముఖం వైపు చూసి, తరువాత టబ్బు వైపు చూసింది. "నాకూ తోచలేదు బిడ్డా. నీళ్లే గదా పోసేది అనుకున్న."

మరునాడు పొద్దున పూజలో దేవకి బిందెలోంచి చెంబు ముంచి, శివుడి మీద పోయబోతూ ఆగింది. రాయి కాబట్టి ఓర్చుకుంటున్నాడా? లేక ఆయనకు ఏది పోసినా చల్లనే పడుతుందా? అడగడానికి భయం వేసింది. కాని మనసులో అడగనే అడిగాను కదా అనుకుని, పోసింది. తాగడానికీ అవే నీళ్లు. ఇంట్లోవాళ్ల కడుపులకు ఏ హానీ లేదు. ఒకరికి తీర్థం, ఒకరికి విషం. ఆయనే చేశాడు రెండూ. ఎందుకు చేశాడో వేములవాడ పోయినప్పుడు అడుగుదామనుకుంది.

లారీ వచ్చింది, నీళ్లు వచ్చాయి. తొట్టిని కడిగి, కొత్త ఇసుక పోసి, రాళ్లు మళ్లీ పెట్టారు. ఈసారి మూత ఉన్న కొత్త ప్లాస్టిక్ బకెట్టు, అందులో ఇంకెవరూ చేయి పెట్టకుండా, మేడ మీద. రెండు రోజులకొకసారి ఫోను. ఇప్పుడు ఆమె చూసినదే చెప్పేది. ముడుచుకునే ఉంది. ఇవాళ తెల్లటి పొర ఒకటి వదిలింది. కుళ్లిన వాసనేమీ లేదు. గుండీ ఇంకొకటి ఊడింది. అతను ఒక్కోసారి "ఊఁ" అని మాత్రమే అనేవాడు.

పట్టీ విప్పిన రోజు నిర్మల బూతుకు ఫోను చేయలేదు. ఆ రోజంతా ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. తెల్లవారి ఫోను వచ్చిందని వెంకటి పిలిచాడు. వెలుతురు తెలుస్తోందట, రంగులు తెలుస్తున్నాయట, మనుషుల ఆకారాలు కనబడుతున్నాయట. మిగతాది మెల్లమెల్లగా రావాలి. రావచ్చు, రాకపోవచ్చు. డాక్టరు అంతకంటే చెప్పలేదు.

మృగశిర దాటి మొదటి వాన పడ్డ పొద్దున ప్రేమ్‌సాగర్ ఇల్లు చేరాడు. నల్లద్దాలు పెట్టుకుని, నిర్మల భుజం మీద చెయ్యి వేసుకుని ఆటో దిగాడు. రుక్మాబాయి అతని ముఖం రెండు చేతులతో తడిమి ఏడ్చింది. అతను తల్లి చేతులు తీసి, "అవ్వా, జర ఆగు" అని, గోడ పట్టుకుని ముందు గదిలోకి నడిచాడు. ట్యూబులైటు వెలుతురును చూసి ఆ దిక్కుకే పోయి, దేవకి వేసిన కుర్చీలో కూర్చున్నాడు. అద్దాలు తీశాడు. కన్ను ఎర్రగా, నీరు నిండి ఉంది.

చాలాసేపు చూశాడు. మెడ అటు వంచి, ఇటు వంచి చూశాడు.

"నీలి వెలుగు తెలుస్తున్నది" అన్నాడు. "రాళ్లు నల్లగ తెలుస్తున్నయి. చేప పోతున్నది, గది చేపనే గదా? పగడం దిక్కు ఏదో పసుప్పచ్చగ ముద్ద ఉన్నది వదినె. ముద్దనే. విచ్చుకున్నదో లేదో నాకు తెలుస్తలేదు."

మధుసూదన్‌రావు భార్య వైపు చూశాడు. ఒక్క మాట అంటే అయిపోతుంది అన్నట్టుంది ఆ చూపు.

"నువ్వు సూసి చెప్పు వదినె" అన్నాడు ప్రేమ్‌సాగర్. "విచ్చుకున్నదా?"

దేవకి కుర్చీ పక్కన నేల మీద మోకాళ్లు ఆనించి, ముఖం అద్దానికి దగ్గరగా పెట్టింది. తెల్లవారుజామున తాను చూసింది నిజమేనా అని మళ్లీ చూసుకుంది.

"పూర్తిగ లేదు. నడుమంత ముడుచుకునే ఉన్నది. గుండీలు సగం పోయినయి. ఒక్క అంచుకు మాత్రం వెంట్రుకలు లేసినయి. కొన్నే. సన్నగున్నయి."

"నిజంగనా?"

"నిజంగనే. ఇంతకంటే ఎక్కువ లేవు."

అతను ముందుకు వంగి, చూపుడు వేలు అద్దం మీద పెట్టాడు. "ఏ అంచుకు? గిక్కడనా?"

"జర కిందికి" అంది దేవకి. అతని వేలు పట్టుకుని, అద్దం మీదే నెమ్మదిగా జరిపింది. "గిక్కడ."